అనేక లోకములు – ఒక్క సంకల్పము

మానవుడు చేయు ప్రతి పనికిని ఒక కర్త కలడు, ఒక ఫలము కలదు. ఆ ఫలము ఆ కర్తకే చెందును. ధర్మశాస్త్రములు, పురాణములు, వ్రతములు, ప్రాయశ్చిత్తములు అన్నియు ఈ యొక్క నమ్మకముపైననే నిలిచియున్నవి. దీనిని కదల్చినచో తక్కినవి నిలువవు. అట్లు కదల్పగలదని కొందరు తలచుచున్న వాదమొకటి నేటి భౌతికశాస్త్రమున కలదు. జరుగుటకు వీలున్నవన్నియు ఏదో ఒక లోకమున జరుగుచునే యున్నవనియు, మన కన్నులకు గోచరించు ఈ లోకము అట్టి అసంఖ్యాకములైన శాఖలలో ఒకటి మాత్రమే యనియు ఆ వాదసారము. దానిని అనేకలోక వాదమందురు.

దేవాలయ పత్రికలో ఈ ప్రసంగమేల యని పాఠకులు తలపవచ్చును. క్వాంటమ్ అను మాట ఇప్పుడు మన యిండ్లలోనికి వచ్చినది. 2023 ఏప్రిల్ మాసమున కేంద్ర ప్రభుత్వము సుమారు 6,000 కోట్ల రూపాయల వ్యయముతో జాతీయ క్వాంటమ్ మిషన్‌ను ఆమోదించెను. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము అమరావతిలో క్వాంటమ్ కంప్యూటరును నెలకొల్పు ఉద్దేశమును ప్రకటించెను. ఇంజనీరింగు కళాశాలల పిల్లలు ఈ విషయములను చదువుచున్నారు, చర్చించుచున్నారు. మన పాతబస్తీ దేవాలయములలో పురాణ కాలక్షేపము ముగిసిన పిమ్మట అట్టి విద్యార్థులు అడుగు ప్రశ్న యిది: "శాస్త్రిగారూ, ఒక లోకంలో నేను నిజం చెప్పాను, ఇంకో లోకంలో అబద్ధం చెప్పాను అన్నది నిజమైతే, ఇక్కడ ఏది చెబితే ఏమిటి? ఎలాగూ అన్నీ జరిగే తీరుతాయి కదా!"

ప్రశ్న చిన్నది కాదు. నవ్వి త్రోసివేయదగినదియు కాదు. పూర్వపక్షమును సమగ్రముగా చెప్పిన పిమ్మటనే సమాధానము చెప్పవలెననునది మన పాఠశాలలలో నేర్పు పద్ధతి. కావున ముందుగా ఆ శాస్త్రజ్ఞులు చెప్పునదేమో వారి పక్షమున నిలిచియే చూతము.

కాంతి మనకు అవిచ్ఛిన్నమైన ధారవలె కనబడును. కాని అది ఫోటానులను సూక్ష్మకణముల రూపమున వచ్చిపోవునని 20వ శతాబ్ది శాస్త్రము నిర్ణయించినది. ఈ ఫోటానుకు ఒక భ్రమణ ధర్మము కలదు. శంఖములలో దక్షిణావర్తము, వామావర్తము అని రెండు విధములున్నట్లే, ఫోటాను భ్రమణమును కొలిచినచో రెండే ఫలితములు వచ్చును, మూడవది రాదు. ఈ భ్రమణమునకు ప్రయోగ నిదర్శనము చూపినవారిలో ఒకరు మన తెలుగువారు. కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో 1909లో జన్మించి, హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, కలకత్తాలో సర్ సి.వి. రామన్ వద్ద శిష్యరికము చేసిన సూరి భగవంతముగారు ఆ విద్వాంసులు. గురుశిష్యులిద్దరును 1931లో కాంతి చెదరు తీరును పరిశీలించి ఫోటాను భ్రమణమును నిరూపించిరి. భగవంతముగారు తరువాతి కాలమున ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా పనిచేసిరి. నేడు లోకమంతయు చెప్పుకొను ప్రయోగములలో పెక్కు ఫోటాను యొక్క ఇట్టి ద్వివిధ ధర్మముపై ఆధారపడినవే.

ఇక ఎంటాంగిల్‌మెంట్ అని వారు చెప్పునదేమి? దానిని ఇచ్చట అల్లిక యందము. లాడ్ బజారులో గాజుల వర్తకుడు ఒకే రంగు గాజులు రెండు తీసి, రెండు పెట్టెలలో విడివిడిగా మూసి, ఒకటి అక్కకు, ఒకటి చెల్లెలికి ఇచ్చెననుకొనుడు. అక్క చార్మినారు వద్దనే ఉండును, చెల్లెలు అమెరికా చేరును. అక్క తన పెట్టె తెరచి ఎరుపు గాజును చూచినంతనే చెల్లెలి గాజు కూడ ఎరుపేయని ఆమెకు తెలియును. ఇందులో వింతయేమియు లేదు. పెట్టెలు మూయునాటికే రంగు నిర్ణయమై యున్నది. మనకు తెలియకుండుట మాత్రమే మిగిలినది. జంటగా పుట్టిన ఫోటానులును ఇట్టివే. ఒకటి దక్షిణావర్తమైనచో రెండవదియు దక్షిణావర్తమే యగునట్టి జంటలను శాస్త్రజ్ఞులు పుట్టింపగలరు. కణములయందు ముందే నిర్ణీతమైన ధర్మములు ఉండి తీరవలెననియు, వాటిని చెప్పజాలని క్వాంటమ్ సిద్ధాంతము అసంపూర్ణమనియు ఐన్‌స్టీన్ పండితుడు ఇరువురు సహచరులతో కలసి 1935లో వాదించెను.

1964లో జాన్ బెల్ అను విద్వాంసుడు దీనిని పరీక్షించు మార్గమును చూపెను. దాని సారమును ఒక ఆటగా చెప్పవచ్చును. ఇద్దరు మిత్రులు వేరువేరు గదులలో కూర్చుందురు. ఒక్కొక్కరికి ఒక్కొక్క నాణెము ఎగురవేసి, మొదటి ప్రశ్నయో రెండవ ప్రశ్నయో అడుగుదురు. జవాబు అవునని గాని కాదని గాని ఉండవలెను. ఇద్దరికిని రెండవ ప్రశ్నయే వచ్చినప్పుడు జవాబులు భిన్నములు కావలెను. తక్కిన మూడు సందర్భములలో ఒక్కటి కావలెను. ఆ మిత్రులు ముందుగా ఎంత ఆలోచించుకొని వచ్చినను సగటున నూరింట 75 కంటె ఎక్కువ గెలువజాలరు. గాజుల పెట్టెల వంటి ఏర్పాట్లన్నింటికిని ఇదే హద్దు. కాని అల్లిన ఫోటానులను చెరియొకటి తీసికొనిపోయి, వాటిని కొలిచి జవాబు చెప్పువారు సుమారు 85 గెలువగలరని క్వాంటమ్ గణితము చెప్పును. అమెరికాలో జాన్ క్లౌజర్ 1972లో, ఫ్రాన్సులో ఆలాన్ ఆస్పె 1982లో, పిదప ఆస్ట్రియా దేశీయుడు ఆంటన్ జైలింగర్ చేసిన ప్రయోగములు గణితము పక్షముననే తీర్పు చెప్పినవి. ఈ ముగ్గురికిని 2022లో నోబెల్ బహుమానము లభించినది. 2017లో చైనా దేశపు ఉపగ్రహము నుండి పంపిన ఫోటానుల జంటలు 1,200 కిలోమీటర్ల ఎడమున కూడ ఈ అల్లికను నిలుపుకొన్నవి. ఒకచోటి కొలత రెండవచోటిని తత్క్షణమే తాకదని ఒప్పుకొన్నచో, పెట్టెలో ముందే రంగు నిర్ణయమై యున్నదను మాట ఇక చెల్లదు. అయినను ఈ అల్లికతో ఒకరికొకరు వార్త పంపుకొనుట మాత్రము సాధ్యము కాదు.

ఇచ్చటనే అసలు చిక్కు పుట్టినది. కొలువకముందు ఫోటాను స్థితిని దక్షిణావర్త వామావర్తముల కలయికగా గణితము వర్ణించును. కొలిచినప్పుడు మాత్రము ఒక్కటే కనబడును. రెండవది యేమైనది? దీనికి గణితము ఒక్కటే, భాష్యములు పెక్కు. బ్రహ్మసూత్రములకు శంకర రామానుజ మధ్వాచార్యులు వేరువేరు భాష్యములు రచించినట్లే ఇదియు. కొలుచుటతో రెండవ అవకాశము అంతరించునని కొందరి మతము. ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయమున జాన్ వీలర్ శిష్యుడైన హ్యూ ఎవరెట్ 1957లో మరొక భాష్యము చెప్పెను. ఏదియు అంతరింపదు. కొలుచు పరికరమును, దానిని చూచు మనుష్యుడును ఆ ఫోటానుతో అల్లుకొందురు. దక్షిణావర్తమును చూచిన మనుష్యుడు ఒక శాఖ, వామావర్తమును చూచిన మనుష్యుడు మరొక శాఖ. ఇద్దరును ఉన్నారు. ఎవనికి వాడు తానొక్కడనే యున్నానని తలచును. అనగా కొలత వేరొక వింత వ్యాపారము కాదు, అదియు అల్లికయే. కొలువబోయినవాడు తన కొలతలో తానే చిక్కుకొనును. బ్రైస్ డివిట్ అను శాస్త్రజ్ఞుడు 1970లో వ్రాసిన వ్యాసముతో దీనికి అనేకలోక వాదమను పేరు ప్రచారమునకు వచ్చినది. ఎవరెట్ 1982లో, 51 సంవత్సరముల వయస్సున మరణించెను.

మూసీనది దక్షిణపు ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియమును చూచినవారికి అందలి జంట శిల్పము జ్ఞాపకముండును. ఒకే కొయ్యలో ముందువైపు మెఫిస్టాఫిలిస్ అను దుష్టుని రూపము, వెనుకవైపు మార్గరెటా యను యువతి రూపము చెక్కబడినవి. వెనుక నిలిపిన అద్దము వలన మనము రెండింటిని ఒక్కసారి చూడగలుగుచున్నాము. ఎవరెట్ చెప్పిన జగత్తు అట్టి కొయ్య వంటిది. కాని అచ్చట అద్దము లేదు. ఒక ముఖమున నున్నవాడు రెండవ ముఖమును చూడలేడు. శాఖలు విడిపడినంతనే చుట్టునున్న గాలి, వెలుతురు, కోట్లకొలది కణములు ఆ భేదమును తమయందు ముద్రించుకొనును. ఆ ముద్రలన్నింటిని చెరిపి శాఖలను మరల కలుపుట మానవునికి సాధ్యమగు పని కాదు. వాటి నడుమ రాకపోకలు లేవు, ఉత్తర ప్రత్యుత్తరములు లేవు.

ఈ వాదమును గూర్చి వినువారు రెండు విషయములను మరతురు. మొదటిది, శాఖలు పుట్టునది మన ఇష్టానిష్టముల వలన కాదు, సూక్ష్మకణముల స్థాయిలో జరుగు వ్యాపారముల వలన. కాఫీ త్రాగుదునా మజ్జిగ త్రాగుదునా యని మనము తలచినంతనే జగత్తు రెండుగా చీలునని ఎవరెట్ చెప్పలేదు. రెండవది, శాఖలన్నియు సమానములు కావు. ప్రతి శాఖకును గణితము ఒక తూకమును ఇచ్చును. ప్రయోగశాలలో ఒక ఫలితము ఎక్కువసారులు, మరొకటి తక్కువసారులు కనబడుట ఆ తూకము వలననే. అన్నియు జరుగుననుట ఆ వాదమున ఎంత ముఖ్యమో, అన్నియు ఒకే తూకమున జరుగవనుటయు అంతే ముఖ్యము. ఈ భాష్యమును ఒప్పుకొనని శాస్త్రజ్ఞులు పెక్కుమంది కలరు. తక్కిన భాష్యములనుండి దీనిని విడదీసి ఇదియే నిజమని తేల్చిన ప్రయోగము ఇంతవరకు లేదు.

ఇది వినగానే మనలో కొందరు, ఇదంతయు మన వేదములలో ఎన్నడో చెప్పబడినదేయని సంతోషింతురు. ఆ సంతోషమును నేను పంచుకొనజాలను. మన పూర్వులు ప్రమాణముల హద్దులను చక్కగా ఎరిగినవారు. నిప్పు వేడిమిని తెలిసికొనుటకు వేదమును అడుగనక్కరలేదు; చేయి దగ్గరకు చేర్చిన చాలును. మరి యే ప్రమాణము వలనను తెలియరాని ధర్మమును తెలుపుటయందే శాస్త్రమునకు సార్థక్యమని మీమాంసకులు నిర్ణయించిరి. శంకర భగవత్పాదులును ఈ హద్దును పాటించిరి. ఫోటాను నడకను ఉపనిషత్తు చెప్పదు. చెప్పవలసిన పని దానికి లేదు. నేడు ఒక సిద్ధాంతమునకు శ్రుతి సాక్ష్యమని ప్రకటించి, రేపు ఆ సిద్ధాంతము వీగిపోయినచో శ్రుతిని ఎచ్చట నిలుపుదుము? ఈ అల్లికకు 1935లో పేరు పెట్టిన ష్రోడింగర్ పండితునకు ఉపనిషత్తులయందు గాఢమైన ఆదరము కలదు. అయినను ఆయన తన గణితమును గణితముగానే చేసెను.

పోలికను చూచునప్పుడు భేదమును కూడ చూడవలెను. మనము స్వామిని అఖిలాండకోటి బ్రహ్మాండనాయకుడని కీర్తింతుము. ఆ బ్రహ్మాండములు వేరువేరు సృష్టులు. మన ప్రతిరూపములు వాటియందు తిరుగుచున్నవని ఆ మాటకు అర్థము కాదు. యోగవాసిష్ఠములోని లీలోపాఖ్యానము ఇంకను దగ్గరగా వచ్చును. లీల యను రాణికి భర్తయైన పద్మమహారాజు మరణింపగా, సరస్వతీదేవి ఆ గదిలోని ఆకాశమునందే మరొక లోకమును, అందు ఆ భర్తయే విదూరథుడను రాజుగా ఏలుచుండుటను ఆమెకు చూపెను. అంతకు పూర్వము ఆ జీవుడు ఒక కుటీరమున నివసించిన బ్రాహ్మణుడు; ఆ బ్రాహ్మణుడు మరణించి ఎనిమిది దినములే అయినదట. లోకమునందు లోకము, కాలమునందు కాలము. కాని ఆ లోకములను పుట్టించినదేమి? ఆ బ్రాహ్మణుడు ఒకనాడు రాజు వెడలుచున్న వైభవమును చూచి తానును రాజు కావలెనని కోరుటయే. అచ్చట లోకమునకు బీజము వాసన. ఎవరెట్ జగత్తున వాసనకు తావులేదు. అతడు ద్రష్టను జ్ఞాపకము గల యంత్రముగా భావించి లెక్కచేసెను. సాక్షి యను మాటకు మన శాస్త్రమున నున్న అర్థము అందు లేదు. రెండింటిని ఒక్కటి చేయుట రెండింటికిని అన్యాయము.

ఇక విద్యార్థుల ప్రశ్నకు వత్తము. తర్కమున అభ్యుపగమమను పద్ధతి కలదు. ఎదుటివాని మాటను పరీక్షింపక తాత్కాలికముగా ఒప్పుకొని, దాని నుండి ఏమి తేలునో చూచుట. అనేకలోక వాదము నిజమేయని అట్లు ఒప్పుకొందము. అప్పుడు ధర్మమునకు కలుగు హాని యేమి?

భారతములోని ద్యూతసభను తలచుకొనుడు. ధర్మరాజు ముందు తన్ను ఓడి, పిదప ద్రౌపదిని ఒడ్డెను. శకుని కపటమును కాసేపు ప్రక్కన పెట్టి, పాచికలు రెండు విధములుగా పడిన రెండు శాఖలను ఊహింపుడు. ఒక శాఖలో ఆమెను దాసియని పిలిచిరి, మరొక శాఖలో పిలువలేదు. కాని ఆమెను పణముగా ఒడ్డుట మాత్రము రెండు శాఖలలోను ఉన్నది. సభలో ఆ తల్లి అడిగిన ప్రశ్న పాచికలను గూర్చినది కాదు, ఒడ్డినవాని అధికారమును గూర్చినది. పాచిక చేతినుండి జారకముందే కర్మ జరిగిపోయినది. ఫలితము రెండుగా చీలవచ్చును, కర్తృత్వము చీలదు.

మన యిండ్లలో పెండ్లి సంబంధమో, ఇల్లు కొనుటయో తేలనప్పుడు దేవుని సన్నిధిని ఎర్రపూవును తెల్లపూవును పొట్లములు కట్టి, పసిబిడ్డచేత ఒకటి తీయించు ఆచారము కలదు. రెండు మార్గములును ధర్మబద్ధములైనప్పుడు అది వినయము. చెల్లెలికి న్యాయముగా రావలసిన భాగము ఈయవలెనా వలదా యని పొట్లములు కట్టుట వినయము కాదు. తన భారమును బిడ్డ చేతిలో పెట్టి తాను తప్పించుకొనుట. ఆ పొట్లములకు బదులు ఫోటానును పెట్టినను ఇంతియే. భాగమిచ్చిన శాఖలోను, ఈయని శాఖలోను, చెల్లెలి హక్కును పందెమున పెట్టిన అన్నయే కనబడును.

మరొక శాఖలోని వాడు చేసిన పాపము నాకంటునా యని కూడ అడుగుదురు. దీనికి మన వ్యవహార ధర్మమునందే పోలిక కలదు. అన్నదమ్ములు ఉమ్మడిగా నున్నప్పుడు కుటుంబము కొరకు చేసిన అప్పు, పంపకము తరువాత ఇద్దరిని కట్టును. పంపకము తరువాత ఎవరి అప్పు వారిదే. శాఖలు విడిపడక పూర్వము చేసిన కర్మ రెండు శాఖలవారికిని పూర్వకర్మయే. విడిపడిన పిమ్మట ఎవని నడవడికి వాడే కర్త. ఇచ్చట మంచి చేసినచో లెక్క సరిపోవుటకై మరొకచోట చెడు జరుగవలెనేమోయను శంక కొందరికి కలదు. అది త్రాసును గూర్చిన భ్రమ. ఈ శాఖలు ఒకదానినొకటి సరితూచుకొను తట్టలు కావు. ఇచ్చట ఆకలిగొన్నవానికి పెట్టిన అన్నము మరియొకచోటి విస్తరినుండి తీసినది కాదు.

ఇంకొక మెట్టు ముందునకు పోవుదము. మద్యము సేవించి రాత్రివేళ వాహనము నడపి, క్షేమముగా ఇల్లు చేరినవాడు "ఏమీ కాలేదు కదా" అని నిద్రించును. ఒక్క లోకమే కలదన్నచో వాడు అదృష్టవంతుడు. అనేకలోక వాదము నిజమైనచో వానికి ఆ సదుపాయము కూడ లేదు. దారిలో ఎవరో బలియైన శాఖలకు ఎంత తూకము కలదో అంత తూకమున ఆ మరణము జరిగియే యున్నది. వాడు పందెము ఒడ్డిన ప్రాణములు ఊహలు కావు. కావున ఈ వాదము కర్మభారమును తేలిక చేయుట లేదు, బరువు చేయుచున్నది. ఏమి చేసిననేమి యనుటకు దీనిని సాకుగా తెచ్చుకొన్నవాడు దీనిని సగమే విన్నవాడు.

మరి మనుష్యుడు చేయగలిగినదేమి? ఆ తూకమును మంచివైపునకు మరల్చుకొనుట. దినదినము సత్యమునే పలికి అలవాటు పడినవాని నాలుక, సూక్ష్మకణముల చలనము ఎట్లున్నను, సత్యమునకే తిరుగును. అట్టివాని నుండి ఎన్ని శాఖలు వెడలినను దాదాపు అన్నింటను ఒకే నడవడి కనబడును. ఊగిసలాడువాని విషయమున చిన్నగాలికే కొమ్మ అటో యిటో వంగును. గీత రెండవ అధ్యాయమున భగవానుడు నిశ్చయము లేని బుద్ధిని పెక్కు కొమ్మలు చాచిన చెట్టుతో పోల్చదగునట్లు వర్ణించెను. అది ఫోటానులను గూర్చి చెప్పినది కాదు, మనుష్యుని మనస్సును గూర్చి చెప్పినది. మనకు ఇచ్చట కావలసినది అదియే. సంధ్యావందనము, జపము, నిత్యానుష్ఠానము ఎందులకని అడుగువారికి ఇదియొక సమాధానము. అవి మనస్సును ఒకవైపు వాలుటకు అలవాటు చేయును.

ఈ వాదమును సాకుగా తెచ్చుకొనువారు కొందరైనచో, దాని నుండి ఓదార్పును వెదకువారు మరికొందరు. వీరిని గూర్చి చెప్పుట ఇంకను కష్టము. కుమారుని రోడ్డు ప్రమాదమున కోల్పోయిన ఒక గృహస్థు నన్ను అడిగెను: "శాస్త్రిగారూ, ఆ రోజు వాడు ఐదు నిమిషాలు ఆలస్యంగా బయలుదేరిన లోకం కూడా ఉంటుందట. అక్కడ మా వాడు బ్రతికే ఉన్నాడా?" ఆయన చదువుకొన్నవారు, పరిహాసమునకు అడిగినది కాదు. ఉన్నాడని చెప్పుటకు నాకు అధికారము లేదు. లేడని చెప్పుటకు మనసొప్పలేదు. నేను చెప్పినది ఇంతే: "అట్టి లోకము ఉన్నదనుకొందాము. అక్కడి తండ్రికి దుఃఖము లేదు, కనుక ఆయనకు మనతో పనిలేదు. ఆ లోకానికి దారి లేదని ఆ శాస్త్రజ్ఞులే చెబుతున్నారు. ఇక్కడి నుంచి వెళ్లినవాడు మీ కుమారుడు. వానికి జరగవలసినవి ఇక్కడే, మీ చేతిమీదుగానే జరగాలి." ఆయన చాలసేపు మాటలాడలేదు. పిదప మాసికమునకు తిథి యెన్నడని అడిగి, చీటీపై వ్రాసికొని పోయెను.

నాకు తోచినంతవరకు ఆ దుఃఖమునకు అంతకంటె సమాధానము లేదు. జరిగియుండవలసిన లోకమును తలచుచు కూర్చున్నచో జరుగవలసిన కర్మ నిలిచిపోవును. ఎదుట కూర్చున్న భార్యయు, ఇంకను బ్రతికియున్న బిడ్డలును కంటికి కనబడరు. మరొక లోకమున వాడు సుఖముగా నున్నాడను తలపు మొదట తీయగా నుండును. కొంతకాలమునకు అదియే ఈ యింటిని పాడుపెట్టును. పోయినవానికి విడుచు తిలోదకము చిన్నదే. కాని అది నిజముగా ఇచ్చటి నేలపై పడును.

అనేక లోకముల భావన మన పూర్వులకు భయము కలిగింపలేదు. పెండ్లిలో కన్యాదాన సమయమున చదువు మహాసంకల్పమును శ్రద్ధగా విన్నవారికి ఇది తెలియును. అది లెక్కకందని కోట్ల బ్రహ్మాండములతో ఆరంభమగును. వాటిలో ఒక బ్రహ్మాండము, అందు భూలోకము, అందు జంబూద్వీపము, అందు భరతవర్షము, అందు కృష్ణా గోదావరుల నడుమ, శ్రీశైలమునకు ఫలానా దిక్కున ఈ స్థలము. పిదప కల్పము, మన్వంతరము, సంవత్సరము, మాసము, తిథి, వారము. చివరకు గోత్రము, పేరు, నేను చేయుచున్నానను మాట. మనము నిత్యపూజలో చెప్పు చిన్న సంకల్పమున కూడ ఈ క్రమమే సంగ్రహముగా నున్నది.

ఆ క్రమమును గమనింపుడు. ఎన్ని బ్రహ్మాండములున్నను ఇచ్చట చేసిననేమి యను నిర్లక్ష్యము అందు లేదు. అన్ని లోకములను పేర్కొనుట, నీవు నిలిచిన చోటు ఇది, నీ చేతిలోని నీరు ఇది, నీవు పూనిన పని ఇది యని చూపుటకే. లోకములు ఎంత పెక్కైనను కర్త యొక్క చిరునామా అంత స్పష్టముగా చెప్పవలెను. సంకల్పము లేని కర్మకు పూర్ణఫలము లేదని పెద్దలు చెప్పుటకు ఇదియే కారణమని నా నమ్మకము. అది కేవలము మంత్రభాగము కాదు. ఈ పనికి నేను బాధ్యుడనని దేవుని యెదుట చేయు సంతకము.

శాఖలు నిజముగా కలవో లేవో భౌతికశాస్త్రజ్ఞులు ప్రయోగముల వలన తేల్చుకొందురు గాక. అది వారి అధికారము. వారు ఏది తేల్చినను ఆ విద్యార్థుల ప్రశ్నకు సమాధానము మారదు: ఇచ్చట నీవు పలికిన మాటకు ఇచ్చటి నీవే కర్తవు. రేపు ఉదయము ఆచమనము చేసి సంకల్పము చెప్పునప్పుడు పాఠక మహాశయులు దిక్కును, తిథిని, తమ పేరును తొందరపడక స్పష్టముగా పలుకుదురు గాక. కోటి బ్రహ్మాండములకు నాయకుడైన ఆ స్వామి ఈ యొక్క బ్రహ్మాండమున, ఈ యొక్క దినమున వారు పూనిన సత్కర్మను నెరవేర్చుగాక.